గాలివేళ్లను కత్తిరించాలా, దారి చూపించాలా?

ఇంటి మొక్కలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వానలు మొదలైతే చాలు, ఇళ్లలో పెంచుకునే తీగ మొక్కల కణుపుల నుంచి వేళ్లు గాలిలోకి పొడుచుకు రావడం, వాటిని ఏం చేయాలో తోచక పాఠకులు ఉత్తరాలు రాయడం ఏటా మామూలే. ఈ నెల తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఈ గాలివేళ్ల గురించే కావడంతో శీర్షికనంతా వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు బాల్కనీలో మాన్‌స్టెరా మొక్క పెట్టి మూడేళ్లయింది. కాండం నుంచి గోధుమ రంగులో లావుపాటి వేళ్లు వచ్చి, టైల్స్ వెంట పాకి, పక్కనున్న కరివేపాకు కుండీలోకి కూడా దూరాయి. ఇవి మొక్క బలాన్ని లాగేస్తాయని, కోసి పారేయమని ఇరుగుపొరుగు వాళ్లు అంటున్నారు. కోయవచ్చా?
— ఒక గృహిణి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: గాలివేళ్లు మొక్క బలాన్ని లాగేస్తాయన్న మాటలో నిజం లేదమ్మా. మాన్‌స్టెరా పుట్టిల్లు దక్షిణ మెక్సికో నుంచి పనామా వరకు ఉన్న తేమ అడవులు. అక్కడ అది నేల మీద మొలకెత్తి, దగ్గర్లో ఉన్న చెట్టు మానును పట్టుకుని పైకి ఎగబాకుతుంది. మానును పట్టుకోవడానికి కణుపుల దగ్గర పొట్టి వేళ్లు పుట్టి బెరడుకు అతుక్కుంటాయి. కాండం పైకి పోయే కొద్దీ నీటి అవసరం పెరుగుతుంది గనుక, పొడవాటి లావు వేళ్లు నేలను వెతుక్కుంటూ కిందికి దిగుతాయి. మీ బాల్కనీలో పాకుతున్నవి ఈ రెండో రకం వేళ్లు. టైల్స్ మీద తడి దొరకలేదు, కరివేపాకు కుండీలో దొరికింది, అందులోకి దిగాయి.

వీటిని మర్రి ఊడలతో పోల్చి, ఇవి కూడా లావెక్కి కుండీని పగలగొడతాయేమోనని భయపడేవాళ్లున్నారు. మర్రి ఊడ నేలను తాకాక మానులా బలిసి కొమ్మ బరువు మోస్తుంది. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను సుమారు ఐదెకరాల మేర విస్తరించి నిలబడగలిగింది అలాంటి ఊడల బలం మీదే. మాన్‌స్టెరా వేరుకు ఆ శక్తి లేదు, ఆ పనీ లేదు. అది నీళ్లు, పోషకాలు తాగుతుంది, పట్టు ఇస్తుంది, అంతే.

ఇక కోయవచ్చా అంటే, కోయవచ్చు. మొక్క చచ్చిపోదు. కాకపోతే కోసిన కొన్నాళ్లకు ఆ కణుపు దగ్గరే మరొకటి పుట్టుకొస్తుంది, ఎందుకంటే నీటి కోసం వెతుకులాట తీరలేదు. అందువల్ల కోయడం అందం కోసం చేసే పనే తప్ప సమస్యకు పరిష్కారం కాదని నా అభిప్రాయం. దారికి అడ్డం వచ్చేవి, తలుపు సందులో ఇరుక్కునేవి ఒకటి రెండు తీసేయండి. మొత్తం ఒకేసారి తీయకండి. ముఖ్యంగా, ఇప్పటికే కరివేపాకు కుండీలో నాటుకున్న వేరు మీ మొక్కకు నిజంగా నీళ్లు అందిస్తూ ఉండవచ్చు. దాన్ని తెంపేముందు రెండు మూడు వారాలు మాన్‌స్టెరా కుండీలో తడి ఆరిపోకుండా చూసుకుని, ఆ తర్వాత తెంపితే ఆకులు వాలకుండా ఉంటాయి.

తీసేసే ముందు వేరు బతికుందో లేదో చూడాలి. గోధుమ రంగులో ఉన్నంత మాత్రాన ఎండిపోయినట్టు కాదు. గోటితో మెల్లగా గీరి చూడండి: పొట్టు కింద పచ్చగా గానీ తెల్లగా గానీ కనిపించి, నొక్కితే గట్టిగా ఉంటే అది బతికున్న వేరే. పెరుగుతున్న వేరు కొన నునుపుగా, లేత రంగులో, కాస్త మెరుస్తూ ఉంటుంది. వేరంతా ముడతలు పడి తీగముక్కలా పుటుక్కున విరిగితే ఎండిపోయింది. దాన్ని నిస్సందేహంగా తీసేయవచ్చు. నల్లబడి, మెత్తగా జారిపోతూ వాసన వస్తుంటే మాత్రం కుళ్లు పట్టినట్టు, దాన్ని మంచి భాగం దాకా కోసేసి, కుండీలో నీళ్లు నిలుస్తున్నాయేమో వెతకాలి.

కోసేటప్పుడు కత్తెరను స్పిరిట్‌తో తుడిచి, కాండానికి దగ్గరగా, కాండం చర్మం తెగకుండా కోయండి. చేతికి తొడుగు వేసుకోవడం మంచిది. మాన్‌స్టెరా, మనీ ప్లాంట్, ఫిలోడెండ్రాన్, సింగోనియం అన్నీ మన చేమ, కంద కుటుంబానికి చెందినవే. కంద తరిగితే చేతులు దురద పెట్టేది ఏ కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాల వల్లో, వీటి రసంలోనూ అవే ఉంటాయి. కోసిన ముక్కలను పసిపిల్లలకు, పెంపుడు కుక్కలకు, పిల్లులకు అందేలా వదలకండి. నోట్లో పెట్టుకుంటే నాలుక, గొంతు మండి వాస్తాయి.

నేను సలహా ఇచ్చేది మాత్రం, ఆ వేళ్లను వాటి సొంత కుండీలోకే మళ్లించమని. పొడిగా ఉన్న వేరును బలవంతంగా వంచితే విరుగుతుంది. ముందుగా తడి గుడ్డ చుట్టి కొన్ని గంటలు ఉంచితే కాస్త మెత్తబడుతుంది. అప్పుడు పెద్ద వంపు తిప్పుతూ తెచ్చి, కొనను అంగుళమో రెండంగుళాలో మట్టిలోకి దించి, పైన ఒక చిన్న రాయి ఆనించండి. మట్టి తగిలాక దానికి పక్కవేళ్లు పుట్టి మామూలు వేరులాగే పనిచేస్తుంది. కుండీ దాకా అందని వేరును నీళ్ల సీసాలో దించి ఉంచేవాళ్లూ ఉన్నారు. అదీ పనిచేస్తుంది గానీ, మన ఊళ్లలో డెంగీ దోమ ఇలాంటి మంచినీటి సీసాల్లోనే గుడ్లు పెడుతుంది కాబట్టి సీసా మూతిని దూదితో గట్టిగా మూసి, వారానికొకసారి నీళ్లు మార్చి, సీసా లోపల బ్రష్‌తో రుద్ది కడగాలి. అంత శ్రద్ధ కుదరకపోతే సీసా పద్ధతి వద్దు.

ప్రశ్న: మనీ ప్లాంటును కొబ్బరి పీచు చుట్టిన కర్రకు ఎక్కించి ఏడాది దాటింది. ఒక్క వేరు కూడా ఆ పీచులోకి పోలేదు, కొనలు నల్లబడి ఎండిపోతున్నాయి, ఆకులూ చిన్నవిగానే ఉన్నాయి. బోరు నీళ్లు పోస్తున్నాం. లోపం ఎక్కడుంది?
— ఒక ఉపాధ్యాయుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: లోపం మొక్కలో లేదు, కర్రలో ఉంది. ఒక గ్లాసు నీళ్లు ఆ కర్ర పైనుంచి మెల్లగా పోసి దగ్గరగా చూడండి. నీళ్లు పీచు మీద చుక్కలుగా నిలబడి, లోపలికి ఇంకకుండానే బయటి అంచు వెంట జారి కుండీలోకి పోతాయి. కాసేపటికే పీచు ముట్టుకుంటే పొడిగా ఉంటుంది. పీచు పొర లోపల ఉన్నది చాలా వరకు ప్లాస్టిక్ గొట్టమే గనుక అక్కడ తడి నిలిచే చోటే లేదు. గాలివేరు తడిగా ఉన్న గరుకు ఉపరితలాన్ని తాకినప్పుడు, తాకిన వైపే సన్నని నూగు మొలిచి దాన్ని పట్టుకుంటుంది. ఎండిన పీచును తాకితే ఆ నూగు పుట్టదు, వేసవిలో మన వడగాలికి కొన మాడిపోతుంది. ఏసీ గదిలో ఉంచినా జరిగేది అదే.

తీగను ఆనిక మీదికి ఎక్కించే విద్య మన ప్రాంతానికి కొత్త కాదు. ఆకుతోటల రైతులు తమలపాకు తీగను అవిశ చెట్లకు ఎక్కిస్తారు. తమలపాకు మిరియాల కుటుంబానిది, మనీ ప్లాంట్ చేమ కుటుంబానిది. కానీ రెండూ కణుపు వేళ్లతోనే ఎగబాకుతాయి. రైతు తీగను ఊరికే వదిలేయడు. కణుపు మానుకు ఆనేటట్టు చూసి, జమ్ముతోనో అరటినారతోనో వదులుగా కడతాడు, తోటంతా నీడగా, చెమ్మగా ఉంచుతాడు. తీగ పట్టనంత ఎత్తు పెరిగాక దాన్ని దించి, ఆకులు కోసేసిన కింది భాగాన్ని చుట్టగా చుట్టి మట్టితో కప్పుతాడు. ఆ కణుపుల నుంచి కొత్త వేళ్లు నేలలోకి దిగి తీగ మళ్లీ బలం పుంజుకుంటుంది. ఆనిక, తడి, నీడ, కట్టు: ఈ నాలుగూ మీ గదిలోని కర్రకు కూడా అమర్చాలి.

మీరే కర్ర తయారు చేసుకోవచ్చు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ప్లాస్టిక్ జాలీని రెండున్నర, మూడు అంగుళాల వెడల్పు గొట్టంలా చుట్టి, ప్లాస్టిక్ ట్యాగులతో బిగించి, లోపల నానబెట్టి పిండిన స్ఫాగ్నం నాచు కూరండి. ఈ నాచు తన ఎండు బరువుకు పది రెట్లకు మించి నీళ్లు పట్టి ఉంచుతుంది. ధర ఎక్కువనిపిస్తే సగం నాచు, సగం కొబ్బరి పొట్టు కలపవచ్చు. పొట్టులో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడు సార్లు మంచినీళ్లలో నానబెట్టి పారబోసి వాడాలి. మొక్క ఆనని వైపు జాలీకి ఒక ప్లాస్టిక్ కాగితం కప్పితే సగం ఆవిరి తగ్గుతుంది. కర్ర అడుగు కుండీ అడుగు దాకా దిగి ఉండాలి, లేకపోతే తీగ బరువెక్కాక ఒరిగిపోతుంది.

కట్టేటప్పుడు కాండాన్ని పరిశీలించండి. ఆకులు ఒక వైపుకు, వేళ్లు వాటి వెనక వైపుకు వస్తుంటాయి. ఆ వేళ్ల వైపే కర్రకు ఆనాలి. ఆకు కాడను కాకుండా కాండాన్ని, అదీ కణుపుకు కాస్త పైనో కిందో, నూలు పేలికతోనో అరటినారతోనో వదులుగా కట్టండి. ఇనుప తీగ వాడితే కాండం లావెక్కేటప్పుడు కోసుకుపోతుంది. కర్రను కిటికీకి ఎదురుగా కాక, మొక్కకు చీకటి వైపు నిలపండి. 1975లో డొనాల్డ్ స్ట్రాంగ్, థామస్ రే అనే శాస్త్రవేత్తలు కోస్టారికా అడవిలో మాన్‌స్టెరా జాతి తీగ మొలకలు వెలుగు వైపు కాకుండా, దగ్గరున్న చెట్టు మాను చీకటి వైపే పాకుతాయని చూపించారు. పట్టు వేళ్లు కూడా వెలుతురుకు దూరంగానే తిరుగుతాయి. ఇంట్లో తీగ బీరువా వెనక్కి, సోఫా సందుల్లోకి దూరడానికి కారణం కూడా ఇదేనని అనుకుంటాను. అందుకే కర్ర చీకటి వైపు, ఆకులు వెలుగు వైపు ఉంటే రెండింటికీ కావలసింది దొరుకుతుంది.

నీళ్ల సంగతి మరింత ముఖ్యం. నాచు కర్రకు పైనుంచి పోయాలి, కుండీలో పోస్తే పైకి ఎక్కవు. మూతకు సన్నని రంధ్రాలు చేసిన సీసాను కర్ర తల మీద తలకిందులుగా నిలబెడితే బొట్లుబొట్లుగా దిగుతాయి. మీరు పోసే బోరు నీళ్లలో ఉప్పు శాతం ఎక్కువైతే కొన్నాళ్లకు నాచు మీద, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. వేళ్ల కొనలు నల్లబడటానికి అదీ ఒక కారణం కావచ్చు. వాననీళ్లు పట్టి పెట్టుకోగలిగితే అంతకు మించినది లేదు. చాలా ఇళ్లలో ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలేసే నీళ్లను పొదుపు కోసం మొక్కలకు పోస్తున్నారు. ఆ ఉద్దేశం మెచ్చదగినదే గానీ, వడకట్టగా మిగిలిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి కాబట్టి నాచు కర్రకు మాత్రం వాటిని వాడకండి. గచ్చు కడగడానికి వాడుకోండి.

ఏప్రిల్, మే నెలల్లో నాచు కర్రను రోజూ తడపాల్సి వస్తుంది. ఇంట్లో అందరూ ఉద్యోగస్థులై అంత తీరిక లేకపోతే, నాచు కర్ర కన్నా పాలిష్ పెట్టని గరుకు చెక్క పలకే మేలని గట్టిగా చెబుతాను. ఎండిపోయిన నాచులోకి దిగిన వేళ్లన్నీ ఒకేసారి మాడిపోతాయి. చెక్కకు అతుక్కున్న వేళ్లు తాగడానికి కాక పట్టుకోవడానికే గనుక అంత దెబ్బతినవు. చెక్క అడుగును ముక్క పీవీసీ గొట్టంలో దిగేసి పాతితే చెదలు పట్టే భయం తగ్గుతుంది.

మన దగ్గర కట్టడానికి మంచి కాలం ఆగస్టు చివరి నుంచి. అక్టోబరు, డిసెంబరు మధ్య ఈశాన్య వానలకు గాలిలో తేమ పెరిగి, కణుపుల దగ్గర లేత వేళ్లు వాటంతటవే పొడుస్తాయి. అప్పటికి తీగ కర్రకు ఆని ఉంటే ఒక్క కాలంలోనే పట్టు చిక్కుతుంది. ఆకుల సంగతికి వస్తే, మనీ ప్లాంట్ పసిఫిక్ సముద్రంలోని మూరియా దీవికి చెందిన తీగ. వేలాడదీస్తే ఆకు అరచేతి మించదు, మానుకో కర్రకో అతుక్కుని ఎక్కితే పైకి పోయిన కొద్దీ ఆకు పెద్దదవుతుంది. మామిడి చెట్లకు పాకిన మనీ ప్లాంట్ ఆకులు చూసి ఇది వేరే మొక్క అనుకునేవాళ్లు ఎందరో. వేరు పట్టు చిక్కి, మంచి వెలుతురు ఉంటే మీ ఆకులూ పెరుగుతాయి.

ప్రశ్న: మనీ ప్లాంట్ వేళ్లు కోస్తే డబ్బు నిలవదని, శుక్రవారం అసలు ముట్టకూడదని అంటారు. ఏం చేయాలి?
— తిరుచానూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వారాన్ని బట్టి మొక్కకు జరిగే మేలు గానీ కీడు గానీ ఏమీ లేదు. మనసుకు పట్టింపు ఉంటే మరో రోజు కోసుకోండి. నడి వేసవిలో, విడవని ముసురులో మాత్రం ఏ రోజైనా వద్దు. మొదటి దాంట్లో కోత ఎండిపోతుంది, రెండో దాంట్లో కుళ్లుతుంది.

ప్రశ్న: హాల్లో గోడ మీదికి పాకిన మనీ ప్లాంటును లాగితే పెయింటు పెచ్చులుగా ఊడి వస్తోంది. మిగిలినదాన్ని ఎలా తీయాలి? వేళ్లు గోడను పగలగొడతాయా?
— పలమనేరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: లాగడం ఆపేయండి. పచ్చి వేరు పట్టు పెయింటు పట్టు కన్నా గట్టిది. ఛార్లెస్ డార్విన్ 1865లోనే, గోడలకు పచ్చగా పరుచుకునే ఫైకస్ తీగ వేళ్లను గాజు పలకలకు ఆనించి, వాటి నుంచి జిగురులాంటి ద్రవం ఊరడం గమనించి రాశాడు. నున్నటి గాజునే పట్టుకోగల తీగలున్నప్పుడు సున్నపు గోడ ఎంత?

తీగను కణుపు కణుపుకూ మధ్య ముక్కలుగా కోసి, గోడ మీదే వదిలేయండి. రెండు మూడు వారాల్లో వేళ్లు ఎండి ముడుచుకుంటాయి. అప్పుడు ముక్కలను ఒక్కొక్కటిగా తీసి, మిగిలిన నూగును తడి గుడ్డతో కాసేపు నానబెట్టి, గట్టి నైలాన్ బ్రష్‌తో రుద్దాలి. మరకలు పూర్తిగా పోవు. ఉప్పు కాగితం పట్టించి మళ్లీ పెయింటు వేయించాల్సిందే.

గోడ పగిలే భయం లేదు. ఈ నూగు వేళ్లు మంచి ప్లాస్టరింగును చీల్చలేవు, ముందే ఉన్న పగుళ్లలోకి మాత్రం దూరతాయి. గోడ సందులో మొలిచే రావి మొక్క పద్ధతి వేరు. దాని వేరు లావెక్కుతూ ఇటుకలను విడదీస్తుంది, దాన్ని కనిపించిన రోజే తీసేయాలి. మీ గోడ మీద ఒకచోట మాత్రం వేళ్లు దట్టంగా, పొడవుగా పెరిగి ఉంటే అక్కడ చెమ్మ ఊరుతోందేమో చూపించుకోండి. పైపు లీకేజీని వేరు మనకన్నా ముందే పసిగడుతుంది.

ప్రశ్న: ఫిలోడెండ్రాన్ గాలివేరు ముక్కను కోసి నీళ్లలో వేసి రెండు నెలలైంది. మొక్క రాలేదు. గాలివేరు నుంచి మొక్క వస్తుందని విన్నాను, నిజం కాదా?
— ఒక విద్యార్థిని, చంద్రగిరి

జవాబు: సగం నిజం. చిగురు పుట్టే మొగ్గ కణుపులో ఉంటుంది, వేరులో ఉండదు. వట్టి వేరును ఎన్నాళ్లు నీళ్లలో ఉంచినా అది వేరుగానే ఉండి చివరికి కుళ్లుతుంది. కణుపు, దానికి ఒక ఆకు, ఆ కణుపు నుంచి వచ్చిన గాలివేరు, ఈ మూడూ కలిసి ఉన్న ముక్కను కణుపుకు అంగుళం కిందుగా కోసి నీళ్లలో పెట్టండి. వేరు లేని ముక్క కన్నా త్వరగా అందుకుంటుంది. పాత గాలివేరు గాలికి అలవాటు పడినది గనుక దాని పొట్టు కాస్త ఊడినా బెంగపడకండి, పక్కల నుంచి తెల్లటి సన్న వేళ్లు వస్తే చాలు. అవి రెండంగుళాలు అయ్యాక మట్టిలోకి మార్చండి.

ముక్క చచ్చిపోతుందేమోనన్న భయం ఉంటే గాలి అంటు కట్టండి. తల్లి తీగ మీదే, గాలివేరున్న కణుపు చుట్టూ తడి నాచు పిడికెడు పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి రెండు వైపులా కట్టి, నాచు ఆరకుండా చూసుకుంటే లోపల వేళ్లు అల్లుకుంటాయి. కాగితంలోంచి వేళ్లు కనిపించాక కిందుగా కోసి నాటుకోవచ్చు. కట్టేముందు కణుపు మూలను ఒకసారి పరీక్షగా చూడండి. వేరు పుట్టిన చోట తెల్లటి దూదిలాంటిది కనిపిస్తే అది పిండినల్లి; దాన్ని స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి, లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేశాకే అంటు కట్టాలి.

మీరు అడగకపోయినా, చంద్రగిరి కొండ దాపున ఉన్నారు కాబట్టి ఒక మాట. మిగిలిపోయిన తీగ ముక్కలను వంక గట్టునో అడవి అంచునో పారేయకండి. ఒక్క కణుపు తడి నేలను తాకితే చాలు, నాటుకుంటుంది. శ్రీలంకలో, అమెరికాలోని ఫ్లోరిడాలో తోటల నుంచి బయటపడిన మనీ ప్లాంట్ అడవి చెట్లను కమ్మేసి పెద్ద బెడదయింది. 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించిన శేషాచలం కొండల్లో ఎర్రచందనం వంటి, తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగని చెట్లున్నాయి. ముక్కలను చిన్నగా నరికి, మేడ మీద ఎండలో పుటుక్కున విరిగేదాకా ఎండబెట్టి, ఆ తర్వాతే ఎరువు గుంతలో వేయండి.